ఆ ఇటుకను తాకేవి ఎన్ని?

మార్కులున్నా మనసులో బొమ్మ తిరగకపోతే కొలువు దూరం
సరిహద్దు యువతకు రైల్వే 'లోతు' పరీక్ష
నేర్చుకుంటే వచ్చే విద్యే.. నేర్పే చోటే తక్కువ

ఊర్జానగర్ (చంద్రపూర్): మూడు ఇటుకలను పక్కపక్కన ఆనించి పెట్టండి. వాటి మీద అడ్డంగా మరో మూడు. ఆ పైన మళ్లీ నిలువుగా ఇంకో మూడు. మొత్తం తొమ్మిది. ఇప్పుడు మధ్య వరసలో నడిమి ఇటుకను ఎన్ని ఇటుకలు తాకుతున్నాయి? బొమ్మలో ఆ ఇటుక కొస ఒక్కటే కనిపిస్తుంది. మిగతాదంతా లోపలే. అటూ ఇటూ రెండు, కింద మూడు, పైన మూడు. జవాబు ఎనిమిది.

ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. ఇటుకలు చేతిలో ఉంటే బడి పిల్లలైనా లెక్కపెట్టేస్తారు. అవే కంప్యూటర్ తెర మీద బొమ్మగా వచ్చి, పక్కన గడియారం తరుముతుంటే ఐటీఐలో ఫస్టు వచ్చినోళ్లకూ చెమటలు పడతాయి. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ కొలువు కోరేవాళ్లు ఎక్కాల్సిన మూడో మెట్టులో ఉండేవి ఇలాంటి ప్రశ్నలే. రైల్వే దీనికి పెట్టిన పేరు 'డెప్త్ పర్సెప్షన్ టెస్ట్'. లోతును పసిగట్టే పరీక్ష అన్నమాట.

ఊర్జానగర్ లాంటి చోట ఇది చిన్న సంగతి కాదు. ఈ కాలనీ పుట్టిందే థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం. 1983లో తొలి యూనిట్ మొదలైంది. 210 మెగావాట్ల పాత యూనిట్లు రెండు మూతపడగా, ఇప్పుడు ఏడు యూనిట్లతో కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. ఇరై డ్యామ్ నీళ్లు, పక్కనే దుర్గాపూర్, పద్మాపూర్ బొగ్గు. ఇంకాస్త పోతే భద్రావతిలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, గడ్చాందూర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, కిందికి దిగితే బల్లార్షా జంక్షన్. ఇక్కడి పిల్లలకు ఉద్యోగం అంటే టెక్నికల్ ఉద్యోగమే. ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్, డ్రాఫ్ట్స్‌మన్, సర్వేయర్, లోకో పైలట్. గుమాస్తా కొలువుల ఊసు తక్కువ.

ఆ పిల్లల్లో తెలుగు ఇళ్ల వాళ్లూ ఉన్నారు. గనుల్లో, ప్లాంటుల్లో పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు కొన్ని. ఎటూ కదలకుండానే రాష్ట్రం మారినవి మరికొన్ని. పక్కనున్న రాజురా ప్రాంతం 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో హిందీ. ఈ మూడు భాషల్లో దేనితోనూ నేరుగా పనిలేని ఓ విద్య ఇప్పుడు కొలువు గుమ్మంలో అడ్డంగా కూర్చుంది.

42 అనే గీత

లోకో పైలట్ ఎంపికలో మొదటి రెండు దశలు అందరికీ తెలిసినవే. లెక్కలు, సైన్సు, రీజనింగ్, తర్వాత తమ ట్రేడు. అవి దాటితే కంప్యూటర్ ఆధారిత ఆప్టిట్యూడ్ టెస్టు. ఇందులో అయిదు విడి పరీక్షలు ఉంటాయి. జ్ఞాపకశక్తి, సూచనల ప్రకారం నడుచుకోవడం, లోతును పసిగట్టడం, ఏకాగ్రత, చూడగానే తేడా పట్టే వేగం. వీటిని తయారుచేసేది లక్నోలోని ఆర్‌డీఎస్‌ఓ, అంటే రైల్వే పరిశోధన సంస్థ. అందులోని సైకో టెక్నికల్ డైరెక్టరేట్ పని ఇదే.

అసలు మెలిక మార్కుల్లో ఉంది. అయిదింటిలో ప్రతి దానిలోనూ 42 టీ-స్కోరు రావాలి. నాలుగింట్లో అరవైలు, డెబ్బయిలు వచ్చి ఒక్కదాంట్లో 41 వచ్చినా అంతే సంగతులు. ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ, మాజీ సైనికులు.. ఎవరికీ ఇందులో సడలింపు లేదు. దాటినవాళ్లకు రెండో దశ మార్కులకు 70 శాతం, ఈ టెస్టుకు 30 శాతం లెక్కేసి మెరిట్ జాబితా తీస్తారు. దాటని వాళ్ల రెండో దశ మార్కులు ఎన్నయితేనేం, గంగలో కలిసినట్టే.

టీ-స్కోరు అంటే నూటికి వచ్చిన మార్కులు కావు. రాసినవాళ్లందరి సగటును 50 అనుకుంటారు. ఆ సగటుకు ఎవరు ఎంత పైన, ఎంత కింద ఉన్నారో కొలిచి చెప్పే అంకె అది. సగటు కంటే కాస్త కిందికి జారినా 42 గీత అందుతుంది. మార్కులు మామూలుగా పరుచుకుంటే నూటికి 21 మంది ఆ గీతకు దిగువన పడతారని గణాంక శాస్త్రం లెక్క. అదీ ఒక్క పరీక్షకే. అయిదు గీతలు దాటాలి కాబట్టి ఏదో ఒక చోట కాలు జారేవాళ్లు అంతకంటే ఎక్కువే ఉంటారు.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఇంజను ముందు కూర్చునే మనిషికి ఎదురుగా వచ్చే సిగ్నల్ ఎంత దూరంలో ఉందో, పట్టా మీద ఉన్నదేమిటో బుర్ర వెంటనే చెప్పాలి. వేల టన్నుల బొగ్గు రేకు తొక్కిన వెంటనే ఆగదు. అందుకే ఇక్కడ బేరాలు లేవు. అయితే ఇటుకలు లెక్కపెట్టగలిగితే సిగ్నల్ దూరం తెలిసిపోతుందా అన్నది వేరే ప్రశ్న. పేరులో 'లోతు' ఉంది గానీ, అది కొలిచేది కంటి చూపును కాదు. చదునైన బొమ్మను చూసి అసలు వస్తువును మనసులో నిలబెట్టుకునే నేర్పును. కంటి సంగతి మెడికల్‌లో వేరుగా తేలుస్తారు. చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుని కళ్లద్దాల డాక్టరు దగ్గరికి పరిగెడతారు. ఆ పరుగు అవసరమే, కానీ అది ఈ పరీక్షకు మందు కాదు.

పైపు ఎటు తిరిగింది?

ఈ నేర్పు పని చోట ఎందుకు కావాలో ప్లాంటు లోపలికి పోతే తెలుస్తుంది. బాయిలర్ అంటే అంతస్తుల కొద్దీ ఎత్తున గొట్టాల అడవి. ఒక్కో గొట్టం పైకెక్కి, పక్కకు తిరిగి, గోడలో దూరి ఇంకెక్కడో తేలుతుంది. వెల్డర్ చేతికి ఇచ్చేది మాత్రం ఒక కాగితం. దాని మీద గీతలు 30 డిగ్రీల వాలులో ఉంటాయి. దాన్నే ఐసోమెట్రిక్ డ్రాయింగ్ అంటారు. ఆ వాలు గీత ఉత్తరానికి పోతుందా, తూర్పుకు పోతుందా, నిలువు గీత పైకా కిందికా అన్నది మనసులో కనపడితేనే ఎల్బో సరైన వైపు తిరుగుతుంది. లేకపోతే అతికిన ముక్క కోసి మళ్లీ అతకాలి. షట్‌డౌన్ రోజుల్లో ఆ ఒక్క పూట ఖరీదు ఎంతో ప్లాంటు మనుషులకు చెప్పనక్కర్లేదు.

ఫిట్టర్‌కు మరో చిక్కు. ఒకే వస్తువును ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి చూసినట్టు మూడు బొమ్మలు గీస్తారు. మన దేశంలో ఫస్ట్ యాంగిల్ పద్ధతి. పై నుంచి చూసిన బొమ్మను ముందు బొమ్మకు కింద వేస్తారు. అమెరికా వాళ్లది థర్డ్ యాంగిల్. అక్కడ అది పైనే ఉంటుంది. డ్రాయింగ్ మూలన కోసిన శంకువు గుర్తు చూసి ఏ పద్ధతో పోల్చుకోవాలి. ఆ గుర్తును పట్టించుకోకుండా పని మొదలెడితే కుడివైపు ఉండాల్సిన రంధ్రం ఎడమవైపు వస్తుంది. లోహంలో పడ్డ రంధ్రాన్ని రబ్బరుతో తుడిచేయలేం.

రేకు పని చేసేవాళ్లది ఇంకో లెక్క. గరాటును విప్పి నేల మీద పరిస్తే ఏ ఆకారం వస్తుంది? విసనకర్రలా వంపు తిరిగిన ముక్క వస్తుంది. ముందే ఆ ముక్కను చదును రేకు మీద గీసి, కోసి, చుట్టాలి. విచిత్రం ఏమిటంటే ఇదే పని కాలనీలో కుట్టుమిషను ముందు కూర్చున్న ఆడవాళ్లు రోజూ చేస్తారు. చదును గుడ్డలోంచి భుజం వంపు, చంక మలుపు కోసి తీసే రవికె కటింగ్, ప్లాంటులో డక్టు కటింగ్ ఒకే విద్య. ఒకదానికి ఐటీఐ సర్టిఫికెట్ ఉంది. రెండోదాన్ని విద్య అని కూడా ఎవరూ అనరు.

గోడ అవతల ఏముంది

గనుల్లోకి వస్తే ఈ నేర్పు ప్రాణాలతో ముడిపడి ఉంటుంది. భూమి లోపల పొరలు వాలుగా ఉంటాయి. ఒకదాని మీద ఒకటిగా పని జరిగిన చోట్లుంటాయి. పాత పనుల్లో నీళ్లు నిలిచి ఉంటాయి. ఇదంతా సర్వేయర్ గీసే ప్లాను మీదకు చదునుగా దిగుతుంది. దాన్ని చదివే ఓవర్‌మన్, మైనింగ్ సర్దార్ తిరిగి లోతుగా నిలబెట్టుకోవాలి. 1975 డిసెంబర్ 27న చాస్‌నాలాలో నీరు విరుచుకుపడి 370 మందికి పైగా చనిపోయారు. 2003 జూన్‌లో గోదావరిఖని 7ఎల్ఈపీ గనిలోకి నీరు ముంచెత్తి 17 మంది పోయారు. ఇలాంటి ప్రమాదాలన్నిటికీ మ్యాపు చదవలేకపోవడమే కారణం అనలేం. కానీ గోడ అవతల ఏముందో కిందనున్న మనిషికి చెప్పేది ప్లాను ఒక్కటే. అందుకే సర్వేయర్‌కు గనుల భద్రతా విభాగం డీజీఎంఎస్ ఇచ్చే సర్టిఫికెట్ లేనిదే ఆ పని అప్పగించరు.

ఇంత అవసరమైన నేర్పును ముందే పరీక్షించి మనుషులను ఎంచుకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు 1930 నాటికే కాగితం మీద ముక్కలు గీసి, వాటిని కలిపితే ఏ ఆకారం వస్తుందో చెప్పమనే పరీక్ష తెచ్చారు. తర్వాత దాన్ని సవరించిన వాళ్లలో ఒకాయన రెన్సిస్ లైకర్ట్. సర్వేల్లో 'పూర్తిగా ఒప్పుకుంటాను' నుంచి 'అసలు ఒప్పుకోను' వరకు అయిదు గడులు ఉంటాయి చూడండి, ఆ పద్ధతి పెట్టిందీ ఆయనే. రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్లను ఏరడానికి అమెరికా వైమానిక దళం ఇలాంటి పరీక్షలను విరివిగా వాడింది. 1947లో వచ్చిన డిఫరెన్షియల్ ఆప్టిట్యూడ్ టెస్టులో విప్పిన అట్టపెట్టెను మడిస్తే ఏ పెట్టె అవుతుందో గుర్తించే ప్రశ్నలు చేరాయి. ఇప్పుడు కోచింగ్ పుస్తకాల్లో కనిపించే పాచికల లెక్కలు, కాగితం మడతల లెక్కలు ఆ వంశం బిడ్డలే.

1971లో రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్‌లర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చక్కటి సంగతి బయటపెట్టారు. ఘనాలు అతికించిన వంకర ఆకారాలు రెండు చూపించి, రెండూ ఒకటేనా అని అడిగారు. ఒకదాన్ని ఎంత ఎక్కువ తిప్పి చూపిస్తే జవాబుకు అంత ఎక్కువ సమయం పట్టింది. కోణం పెరిగిన కొద్దీ సమయం సరిగ్గా గీత గీసినట్టు పెరిగింది. అంటే మనుషులు ఆ వస్తువును బుర్రలో నిజంగానే చేత్తో తిప్పినట్టు తిప్పుతున్నారన్నమాట. మాటలతో ఆలోచించడం వేరు, ఇలా తిప్పి చూడటం వేరు.

మరో పెద్ద లెక్క కూడా అమెరికాదే. 1960లో దాదాపు నాలుగు లక్షల మంది హైస్కూలు పిల్లలకు పరీక్షలు పెట్టి, ఏళ్ల తర్వాత ఎవరు ఏమయ్యారో చూశారు. ఇంజినీరింగ్, సైన్సు రంగాల్లో స్థిరపడ్డ వాళ్లకు చిన్నప్పుడే ఈ నేర్పులో మంచి మార్కులు ఉన్నాయని 2009లో ఆ వివరాలను తిరగేసిన పరిశోధకులు చెప్పారు. లెక్కలు, భాషల మార్కులు మాత్రమే చూసి ఏరితే ఇలాంటి పిల్లలు కొందరు చేజారుతారనీ హెచ్చరించారు. మన దగ్గర పదో తరగతి మార్కుల జాబితాలో ఈ నేర్పుకు గడే లేదు. ఇంగ్లిషు రాక, చరిత్ర పాఠం నోటికి రాక వెనక బెంచీకి పోయినవాడు సైకిల్ గేరు విప్పి బిగించగలడు. వాడి సంగతి బడికి తెలియదు.

మాటల్లేని పరీక్షకూ భాష

బొమ్మల పరీక్షకు భాషతో పనిలేదని అంటారు. సగమే నిజం. లోకో పైలట్ మొదటి రెండు దశల ప్రశ్నలు తెలుగులోనూ మరాఠీలోనూ దొరుకుతాయి. ఆప్టిట్యూడ్ టెస్టు మాత్రం ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటుందని 2018 నాటి నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది. ఇటుకల బొమ్మకు భాష లేదు గానీ, ఆ బొమ్మతో ఏం చేయాలో చెప్పే రెండు వాక్యాలకు ఉంది. 'తాకుతున్నవి' అన్నారా, 'కనిపిస్తున్నవి' అన్నారా అన్నది తప్పు చదివితే మొత్తం ప్రశ్నలన్నీ తప్పే. ఇక 'సూచనల ప్రకారం నడుచుకోవడం' అనే టెస్టయితే పేరులోనే భాష ఉంది. ఊర్జానగర్‌లో హిందీ వినని చెవి ఉండదు కాబట్టి ఇక్కడి వాళ్లు నెట్టుకొస్తారు. సరిహద్దు అవతల లోపలి పల్లెల్లో తెలుగు మీడియంలో చదివి వచ్చిన కుర్రాడికి అదే అడ్డంకి.

అంతకంటే లోతైన చిక్కు అనుభవానిది. చిన్నప్పుడు ఏ ఆటవస్తువులు పట్టుకున్నాడు, నాన్నతో కలిసి మోటారు విప్పాడా, వడ్రంగి పక్కన కూర్చున్నాడా అన్నదాన్ని బట్టి ఈ నేర్పు పెరుగుతుంది. ప్లాంటు ఉద్యోగి కొడుకు వాల్వు, ఫ్లాంజి అనే మాటలు అన్నంతో పాటే వింటాడు. ప్లాంటుకు, గనులకు భూములిచ్చి ప్రకల్పగ్రస్తులు అనిపించుకున్న రైతు ఇంటి పిల్లవాడికి ఆ అవకాశం ఆలస్యంగా వస్తుంది. ఇద్దరి ముందూ ఒకే తెర, ఒకే గడియారం పెడతారు.

ఇందులో ఊరట కలిగించే సంగతి ఒకటుంది. ఇది పుట్టుకతో వచ్చేది, రాని వాళ్లకు రాదు అనే మాట తప్పని తేలిపోయింది. 2013లో అచ్చయిన ఒక సమీక్షలో 217 అధ్యయనాలను కలిపి చూశారు. సాధనతో ఈ నేర్పు పెరుగుతుంది, పెరిగింది కొంతకాలం నిలుస్తుంది, సాధన చేయని కొత్త రకం ప్రశ్నలకూ కొంత అక్కరకొస్తుంది అన్నది దాని సారం. దీన్ని క్లాసులో రుజువు చేసి చూపించింది షెరిల్ సోర్బీ అనే ఇంజినీరింగ్ ప్రొఫెసర్. ఆమె తాను విద్యార్థినిగా ఉన్నప్పుడు డ్రాయింగ్ సబ్జెక్టులో తంటాలు పడ్డారు. తర్వాత మిషిగన్ టెక్‌లో పాఠాలు చెబుతూ, 1993 నుంచి ఈ నేర్పు తక్కువగా ఉన్న మొదటి ఏడాది పిల్లలకు విడిగా ఓ కోర్సు నడిపారు. చేత్తో ఘనాలు పేర్చడం, పెన్సిల్‌తో గీయడం, తిప్పి మళ్లీ గీయడం. అంతకుమించి మాయలేదు. చేరిన వాళ్ల మార్కులు పెరిగాయి, ఇంజినీరింగ్ వదిలిపోయే అమ్మాయిలు తగ్గారు.

అమ్మాయిల ప్రస్తావన ఊరికే రాలేదు. బొమ్మను మనసులో తిప్పే పరీక్షల్లో సగటున అబ్బాయిలకు ఎక్కువ మార్కులు వస్తాయని ఎన్నో దేశాల్లో గమనించారు. ఆ సగటును పట్టుకుని 'ఆడపిల్లకు ఫిట్టర్ ఎందుకు, కుట్టుపనిలో చేర్పించండి' అనేవాళ్లు మన ఇళ్లలో తక్కువేం కాదు. సగటు వేరు, ఎదురుగా ఉన్న పిల్ల వేరు. సతారా జిల్లాకు చెందిన సురేఖా యాదవ్ 1980ల చివర్లో సెంట్రల్ రైల్వేలో అసిస్టెంట్ డ్రైవర్‌గా చేరి, ఆసియాలో తొలి మహిళా రైలు డ్రైవర్‌గా పేరు తెచ్చుకుని 2025లో రిటైరయ్యారు. చుక్కలు పెట్టి, మెలికలు తిప్పి, నాలుగు వైపులా ఒకే తీరున ముగ్గు దించే చేతికి కాగితం మడతల లెక్క ఒంటబట్టదనుకోవడం అన్యాయం. ఆ చేతికి ముగ్గుకూ డ్రాయింగ్ షీటుకూ ఉన్న చుట్టరికం ఎవరూ చెప్పలేదు, అంతే.

తొమ్మిది అగ్గిపెట్టెలు చాలు

సాధనకు వేలు పోసి కోచింగ్‌లో చేరక్కర్లేదు. తొమ్మిది అగ్గిపెట్టెలు తెచ్చి, సన్నటి అంచు మీద నిలబెట్టి, మూడేసి చొప్పున అడ్డం నిలువుగా పేర్చుకుంటే మొదట చెప్పిన దొంతర తయారు. ముందు కాగితం మీద బొమ్మ గీసి, తాకేవి ఎన్నో రాసుకుని, తర్వాత విప్పి చూసుకోవాలి. ఈ వరస ముఖ్యం. ముందే విప్పి చూస్తే చేతికి తెలుస్తుంది గానీ బుర్రకు తెలియదు. లెక్కపెట్టేటప్పుడు పైన, కింద, కుడి, ఎడమ, ముందు, వెనక అని ఎప్పుడూ ఒకే వరసలో పోతే ఏదీ తప్పిపోదు. తొందరలో ఎక్కువమంది వదిలేసేది వెనక వైపునే.

ఇంకొకటి. సబ్బు బిళ్లను ఘనంలా కోసి, పైపైన రంగు పూసి, ఒక్కో వైపు మూడు ముక్కలయ్యేలా కోస్తే 27 చిన్న ఘనాలు వస్తాయి. మూడు వైపులా రంగున్నవి మూలల్లోని 8. రెండు వైపులా ఉన్నవి అంచుల మీది 12. ఒక్క వైపే ఉన్నవి 6. అసలు రంగు అంటనిది నడిబొడ్డున ఒక్కటి. ఈ అంకెలను బట్టీ కొట్టేవాళ్లు ప్రశ్నలో నాలుగు ముక్కలు అని మారగానే తడబడతారు. ఒకసారి సబ్బు కోసినవాళ్లు తడబడరు. కాగితాన్ని రెండు మడతలు వేసి ఒక చిల్లు పెడితే విప్పినప్పుడు నాలుగు చిల్లులు ఎక్కడెక్కడ పడతాయో ముందు గీసి తర్వాత విప్పడం, గోడ గడియారాన్ని అద్దంలో చూసి టైము చెప్పడం.. ఇవన్నీ పైసా ఖర్చు లేనివి. అద్దంలో 8:20 కనిపిస్తే అసలు టైము 3:40.

కోచింగ్ సెంటర్ల సంగతీ ఒక మాట. ప్రశ్నల తీరు అలవాటైతే మార్కులు పెరగడం మామూలే. మొదటిసారి రాసినదానికంటే రెండోసారి మెరుగ్గా రాస్తారు. కానీ వంద బొమ్మలకు వంద జవాబులు కంఠతా పట్టిస్తే పరీక్ష గట్టెక్కవచ్చు గానీ, రేపు ప్లాంటులో నూట ఒకటో బొమ్మ ఎదురవుతుంది. మరోవైపు, తెర మీద బొమ్మ చూసి తడబడినవాడు ఇనుప ముక్క చేతికిస్తే అద్భుతంగా పని చేయొచ్చు. ఐటీఐ ఫిట్టర్లకు ఆకురాయితో రెండు ముక్కలను వెలుతురు దూరకుండా ఒకదాంట్లో ఒకటి ఇమిడ్చే ట్రేడ్ టెస్టు పెడతారు. డ్రాయింగ్ చదవడం, మనసులో తిప్పడం, చేత్తో చేయడం మూడూ అందులో బయటపడతాయి. వేలమందికి ఒకేసారి అలా పెట్టడం కుదరదు కాబట్టే కంప్యూటర్ ముందుకొచ్చింది. చవకగా, వేగంగా అవుతుందని చేసుకున్న ఏర్పాటు అది. అదొక్కటే న్యాయమైన కొలబద్ద అనుకోనక్కర్లేదు.

ఈ ప్రశ్నలు రైల్వేతో ఆగిపోవు. ఇంజినీరింగ్ పట్టభద్రులు రాసే గేట్‌లో 2021 నుంచి జనరల్ ఆప్టిట్యూడ్ సిలబస్‌లో స్పేషియల్ ఆప్టిట్యూడ్‌ను విడిగా చేర్చారు. ఆకారాలను తిప్పడం, అద్దంలో చూడటం, కాగితం మడతలు, కోతలు దాని కిందికి వస్తాయి. జనరల్ ఆప్టిట్యూడ్‌కు వందలో 15 మార్కులు. ఎన్‌టీపీసీ లాంటి ప్రభుత్వ రంగ సంస్థలు గేట్ స్కోరు చూసి ఇంజినీర్లను తీసుకున్నాయి కాబట్టి ఊర్జానగర్‌లో చదువుకున్న పిల్లలకు ఇది దూరపు విషయం కాదు. ఆర్కిటెక్చర్‌లో చేరాలంటే 2006లో మొదలైన నాటా ఉంది. డిజైన్ డిగ్రీకి ఐఐటీ బొంబాయి 2015 నుంచి యూసీడ్ నిర్వహిస్తోంది. రెంటిలోనూ బొమ్మను మనసులో తిప్పే ప్రశ్నలు తప్పవు. మహాజెన్‌కో టెక్నీషియన్ పరీక్షలో ట్రేడు పరిజ్ఞానంతో పాటు రీజనింగ్ భాగం ఉంటుంది, మరాఠీ కూడా చూసుకోవాలి. ఇక వైమానిక దళం పైలట్ ఎంపిక పరీక్షయితే జీవితంలో ఒక్కసారే. తప్పితే ఆ దారి మూసుకున్నట్టే. దానితో పోలిస్తే రైల్వే నయం. ఈసారి తప్పినా తర్వాతి నోటిఫికేషన్‌కు మళ్లీ రాసుకోవచ్చు.

లోకో పైలట్‌కు సిద్ధమవుతున్నవాళ్లు ముందుగా చూడాల్సింది ఆర్‌డీఎస్‌ఓ వెబ్‌సైట్. అందులో సైకో టెక్నికల్ డైరెక్టరేట్ కింద అభ్యర్థుల విభాగంలో అయిదు పరీక్షల ప్రశ్నల తీరు ఉచితంగా దొరుకుతుంది. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి టైము అయిపోతున్నప్పుడు ప్రశ్నను ఖాళీగా వదలడం దండగ. టెస్టు రోజున నోటిఫికేషన్‌లో ఇచ్చిన నమూనాలో కంటి డాక్టరు సర్టిఫికెట్ వెంట ఉండాలి. అది లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. దరఖాస్తు ఒక్క రైల్వే బోర్డుకే పెట్టుకోవాలి. బల్లార్షా దాకా సెంట్రల్ రైల్వే, అక్కడి నుంచి కిందికి దక్షిణ మధ్య రైల్వే. ముంబయి బోర్డా, సికింద్రాబాద్ బోర్డా అన్నది ఖాళీలు చూసుకుని ముందే తేల్చుకోవడం మేలు. ఒకటికి రెండు చోట్ల పెడితే అన్నీ తిరస్కరిస్తారు.